ఫార్సీ నిఘంటువు కొనేముందు ఏ ఫార్సీ కావాలో తేల్చుకోండి

తెలుగువాళ్లకు ఫార్సీ పూర్తిగా పరాయి భాష కాదు. రోజు, కాగితం, బజారు, తరాజు, దస్తావేజు, గుమాస్తా, రసీదు, ఫిర్యాదు... ఇవన్నీ ఫార్సీ నుంచో, ఫార్సీ మీదుగానో మనకు వచ్చిన మాటలే. అందుకే ఈ భాష నేర్చుకోవడానికి దిగినవాళ్లకు మొదటి వారంలో బోలెడంత ధైర్యం వస్తుంది. చిక్కు నిఘంటువు తెరిచాక మొదలవుతుంది.

తహశీల్దారులో ఉన్న 'తహసీల్' అనే మాటను నేటి ఇరాన్ నిఘంటువులో వెతికితే 'చదువు, విద్యాభ్యాసం' అని కనిపిస్తుంది. 'మంజూరు' కోసం వెతికితే 'ఉద్దేశం' అని ఉంటుంది. 'జిల్లా'కు మూలమైన మాటకు 'జ్యామితిలో భుజం' అన్న అర్థం దొరుకుతుంది. నిఘంటువులో తప్పు లేదు. మనం వెతుకుతున్న ఫార్సీ ఒకటి, ఆ పుస్తకం చెబుతున్న ఫార్సీ మరొకటి. 'మంచి నిఘంటువు ఏది' అని అడగడానికి ముందే 'నాకు ఏ ఫార్సీ కావాలి' అని తేల్చుకోవాల్సింది ఇందుకే.

2020 జాతీయ విద్యా విధానం తెలుగు, తమిళం వంటి ప్రాచీన భాషలతో పాటు పాళీ, ప్రాకృతం, ఫార్సీ పేర్లను కూడా ప్రస్తావించింది. కాబట్టి ఈ ప్రశ్న ఇకపై నలుగురైదుగురు పరిశోధకులకే పరిమితం కాకపోవచ్చు.

పుదుచ్చేరికి ఫార్సీతో పనేమిటి?

పుదుచ్చేరి అనగానే ఫ్రెంచి, తమిళం గుర్తొస్తాయి. యానాం వల్ల తెలుగు, మాహె వల్ల మలయాళం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతానివే. కానీ 18వ శతాబ్దంలో ఇక్కడి ఫ్రెంచి గవర్నర్ ఆర్కాటు నవాబుతో గానీ, హైదరాబాద్ సుబేదారుతో గానీ మాట్లాడాలంటే ఫ్రెంచి పనికొచ్చేది కాదు, తమిళమూ చాలేది కాదు. ఉత్తరాలు, ఫర్మానాలు, పర్వానాలు ఫార్సీలో నడిచేవి.

డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనంద రంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రాసిన దినచర్యలో ఈ వ్యవహారం అడుగడుగునా కనిపిస్తుంది. ఏ దర్బారు నుంచి ఏ ఉత్తరం వచ్చింది, దాని సారాంశం ఏమిటి, జవాబు ఏమని వెళ్లింది అన్నవి ఆయన రాసిపెట్టారు. ఈ పిళ్లైగారికే కస్తూరి రంగకవి తెలుగులో 'ఆనందరంగరాట్ఛందము' అనే ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చాడు. పట్నంలో రంగపిళ్లై వీధి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఇది తెలుగువాళ్లకు దూరపు కథ కాదు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. అంటే కోస్తా తెలుగు జిల్లాల రెవెన్యూ ఎవరికి చెందాలన్నది పుదుచ్చేరికీ దక్కన్ సుబేదారు దర్బారుకూ మధ్య జరిగిన బేరంలో తేలింది. ఆ దర్బారు కాగితాల భాష ఫార్సీ. నిజాం రాజ్యంలో 1880లలో ఉర్దూ ఆ స్థానంలోకి వచ్చేదాకా పాలనా భాష ఫార్సీయే. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి దక్కన్ దస్తావేజులు ఉన్నాయి. ఇనాములు, జాగీర్ల తగాదాల్లో పాత ఫార్సీ, ఉర్దూ కాగితాలు ఇవాళ్టికీ సాక్ష్యాలుగా వస్తుంటాయి. అలాంటి కాగితంలో 'తహసీల్' అంటే 'చదువు' అని చదివితే అర్థం మారిపోవడమే కాదు, హక్కు కూడా మారిపోతుంది.

ముగ్గురు విద్యార్థులు, మూడు అవసరాలు

ఫార్సీ నేర్చుకునేవాళ్లను స్థూలంగా మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటివాళ్లు పాత రికార్డులు చదవాలనుకునేవాళ్లు: చరిత్ర విద్యార్థులు, న్యాయవాదులు, తమ ఇంటి పాత కాగితాలు చదువుకోవాలనుకునేవాళ్లు. వీళ్లకు కావాల్సింది భారతదేశంలో వాడిన ఫార్సీ.

రెండోవాళ్లు కవిత్వం కోసం వచ్చేవాళ్లు. దువ్వూరి రామిరెడ్డి ఫార్సీ నేర్చుకుని ఖయ్యాంను 'పానశాల'గా తెలుగులోకి తెచ్చారు. ఆ దారిలో హాఫిజ్, సాదీ, రూమీలను మూలంలో చదవాలనుకునేవాళ్లకు ప్రాచీన సాహిత్య భాష కావాలి.

మూడోవాళ్లు నేటి ఇరాన్ కోసం నేర్చుకునేవాళ్లు. సినిమాలు, వార్తలు, వ్యాపారం, ప్రయాణం వీళ్ల అవసరాలు. అఫ్ఘానిస్థాన్‌లో మాట్లాడే దరీ, సిరిలిక్ లిపిలో రాసే తాజిక్ కూడా ఈ కుటుంబానివే. అయితే వాటిలో మాటల ఎంపిక, ఉచ్చారణ కొంత వేరుగా ఉంటాయి.

ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం పనికొస్తుందని చెప్పి అమ్మితే నమ్మకండి.

మన నేల మీద పుట్టిన నిఘంటువులు

ఫార్సీ నిఘంటువుల చరిత్రలో భారతదేశానికి చాలా పెద్ద చోటుంది. ఫార్సీ ఇక్కడ ఎవరికీ ఇంటి భాష కాకపోయినా దర్బారులో అందరికీ కావలసి వచ్చింది. నేర్చుకుని వాడేవాళ్లు ఎక్కువైన చోట నిఘంటువుల అవసరమూ ఎక్కువే. వాటిలో మూడు పెద్ద నిఘంటువులు తెలుగు ప్రాంతాలతో ముడిపడి ఉన్నాయి.

మొదటిది 'బుర్హానె ఖాతె'. ముహమ్మద్ హుసేన్ బిన్ ఖలఫ్ తబ్రీజీ దీన్ని గోల్కొండలో హిజ్రీ 1062లో, అంటే 1652 ప్రాంతంలో పూర్తిచేసి అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితమిచ్చాడు. అంతకుముందు చాలా ఫార్సీ నిఘంటువుల్లో మాట చివరి అక్షరం కూడా తెలిస్తే తప్ప దాన్ని వెతకడం కష్టంగా ఉండేది. బుర్హాన్ మొదటి అక్షరం, రెండో అక్షరం, మూడో అక్షరం అన్న వరుసలో మాటలను పేర్చింది. అందుకే అంత పేరు తెచ్చుకుంది. 1818లో కలకత్తాలో కెప్టెన్ రోబక్ దీన్ని అచ్చువేయించాడు. టర్కీ భాషలోకీ వెళ్లింది.

ఆ పేరుతో పాటు దాని తప్పులు కూడా ప్రయాణించాయి. పాత పహ్లవీ రాతలను తప్పుగా చదవడం వల్ల పుట్టిన మాటలు, ఎవరూ ఎప్పుడూ వాడని కల్పిత పదాలు ఇందులో చేరాయి. కవుల ప్రయోగాలను సాక్ష్యంగా చూపించలేదు. మీర్జా గాలిబ్ 1862లో 'ఖాతె బుర్హాన్' పేరుతో దీని మీద ఘాటైన విమర్శ ప్రచురించాడు. దాని మీద అనుకూల, ప్రతికూల పుస్తకాలు వరసపెట్టి వచ్చాయి. 20వ శతాబ్దంలో తెహ్రాన్‌లో మొహమ్మద్ మొయిన్ విస్తారమైన వివరణలతో దీన్ని మళ్లీ పరిష్కరించారు. బుర్హాన్ వాడాలనుకునేవాళ్లు మొయిన్ పరిష్కరణనే వాడాలి.

రెండోది విజయనగరం నుంచి వచ్చిన 'ఫర్హంగె ఆనంద్‌రాజ్'. 'కన్యాశుల్కం' తొలి ముద్రణను గురజాడ అంకితమిచ్చిన మహారాజా ఆనంద గజపతి రాజు దగ్గర మీర్ మున్షీగా ఉన్న ముహమ్మద్ పాద్‌షా, కవితానామం 'షాద్', దీన్ని కూర్చాడు. పేరులోని ఆనంద్‌రాజ్ ఆ మహారాజే. 1880ల చివర మొదలుకొని లక్నో నవల్ కిశోర్ ప్రెస్ దీన్ని మూడు సంపుటాలుగా వెలువరించింది. తర్వాత తెహ్రాన్‌లో ఏడు సంపుటాలుగా మళ్లీ అచ్చయింది. కోర్టులలో ఫార్సీని కంపెనీ ప్రభుత్వం 1837లోనే తొలగించింది. ఆ తర్వాత యాభై ఏళ్లకు ఒక తెలుగు సంస్థానంలో ఇంత పెద్ద ఫార్సీ నిఘంటువు తయారైంది.

మూడోది హైదరాబాద్‌లో వచ్చిన 'ఫర్హంగె నిజాం'. ఇరాన్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఫార్సీ బోధించిన ముహమ్మద్ అలీ దాయీ ఉల్ ఇస్లాం దీన్ని అయిదు సంపుటాలుగా 1926-39 మధ్య ప్రచురించారు.

ఈ మూడూ ఫార్సీకి ఫార్సీలోనే అర్థం చెప్పే పుస్తకాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటితో మొదలుపెట్టలేరు. కానీ రెండు మూడేళ్లు చదివాక, ముఖ్యంగా మన ప్రాంతపు రాతల కోసం, వీటి దగ్గరికి రావాల్సిందే.

మొదలుపెట్టేవాళ్లకు ఏది?

పాత రికార్డులు, ప్రాచీన కవిత్వం చదివేవాళ్లకు ఇప్పటికీ మొదటి పుస్తకం స్టైన్‌గాస్. 1892లో లండన్‌లో వచ్చిన ఈ ఫార్సీ-ఇంగ్లిష్ నిఘంటువు 1,500 పేజీలకు పైబడింది. అంతకుముందు రిచర్డ్‌సన్, జాన్సన్ చేసిన నిఘంటువుల మీద దీన్ని కట్టారు. వాటి వెనుక భారతీయ నిఘంటువుల సంప్రదాయం ఉంది కాబట్టి మన రికార్డుల్లోని అర్థాలు ఇందులో దొరుకుతాయి. ఫార్సీ రచనల్లో వచ్చే అరబ్బీ మాటలనూ ఇచ్చింది. షికాగో విశ్వవిద్యాలయం నడిపే దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. మన దేశంలో పునర్ముద్రణలూ వచ్చాయి.

దీని లోపాలు తెలుసుకుని వాడాలి. ఒకే మాటకు పది పన్నెండు అర్థాలు వరసగా ఇస్తుంది. ఏది ఏ కాలానిది, ఏది వాడుకలో ఉంది, ఏది పాత నిఘంటువు నుంచి ఎత్తి రాసింది అన్నది చెప్పదు. ఉచ్చారణ కూడా భారతీయ పద్ధతిలోదే. సింహాన్ని 'షేర్' అనీ, పాలను 'షీర్' అనీ చూపిస్తుంది. నేటి తెహ్రాన్‌లో రెండూ 'షీర్'లే. ఈ ఉచ్చారణతో మాట్లాడితే ఇరాన్‌వాళ్లకు అర్థమవుతుంది గానీ, పాతకాలపు మున్షీ మాట్లాడినట్టు ఉంటుంది.

నేటి భాష కోసమైతే సులేమాన్ హయీం పేరు మొదట వస్తుంది. ఆయన ఫార్సీ-ఇంగ్లిష్ నిఘంటువు 1930లలో తెహ్రాన్‌లో వచ్చింది. అదీ షికాగో సైట్‌లో ఉంది. ఉచ్చారణ ఇరాన్ పద్ధతిలో ఉంటుంది. అయితే 'నేటి' అన్న మాటకు కూడా కాలదోషం పడుతుంది. 1935లో ఏర్పడిన ఇరాన్ భాషా అకాడమీ అరబ్బీ మూలాల మాటలు చాలావాటికి బదులు కొత్త మాటలు తెచ్చింది. పురపాలక సంస్థను అక్కడ అంతకుముందు 'బలదియ్యె' అనేవారు. ఆ తర్వాత 'షహర్‌దారీ' అయింది. హైదరాబాద్‌వాసులు మాత్రం నగరపాలక సంస్థను ఇవాళ్టికీ 'బల్దియా' అనే అంటారు! తెహ్రాన్ వదిలేసిన మాట హైదరాబాద్‌లో బతికుంది. కాబట్టి పుస్తకం మీది పేరుతో పాటు ముద్రణ సంవత్సరం కూడా చూడాలి.

ఫార్సీ-ఫార్సీ స్థాయికి వచ్చినవాళ్లకు హసన్ అన్వరీ సంపాదకత్వంలో 2002లో ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ఫర్హంగె సొఖన్' ఉంది. అన్నిటికన్నా పెద్దది అలీ అక్బర్ దెహ్‌ఖొదా మొదలుపెట్టిన 'లొఘత్‌నామె'. ఆయన 1956లో చనిపోయాక కూడా పని సాగి 1980 ప్రాంతంలో పూర్తయింది. దీనిలో కవుల ప్రయోగాలే కాక మనుషులు, ఊళ్ల వివరాలూ ఉంటాయి. పాత భారతీయ నిఘంటువులను కూడా ఉదహరిస్తుంది. కాబట్టి మన గోల్కొండ, విజయనగరం పుస్తకాలు ఇక్కడ మళ్లీ ఎదురవుతాయి. ఇది ఇంటర్నెట్‌లో ఉచితమే.

పుదుచ్చేరిలో ఫ్రెంచి చదువుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. జిల్బేర్ లజార్ 1990లో తెచ్చిన ఫార్సీ-ఫ్రెంచి నిఘంటువు ఒక్క సంపుటమే. నేటి భాషకు చక్కగా ఉపయోగపడుతుంది. ప్రాచీన భాషకు 1908-14 మధ్య రోమ్‌లో నాలుగు సంపుటాలుగా వచ్చిన దెమెజోఁ నిఘంటువు ఉంది. ఇంగ్లిష్ కన్నా ఫ్రెంచి బాగా వచ్చినవాళ్లు స్టైన్‌గాస్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు.

కొనేముందు అయిదు మాటల పరీక్ష

దుకాణంలోనో, గ్రంథాలయంలోనో పుస్తకం చేతికి రాగానే ఈ అయిదూ చూడండి.

ఒకటి, 'గాఫ్', 'లామ్' అనే రెండక్షరాల మాట. ఫార్సీలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు. అవే రెండక్షరాలను 'గొల్' అని చదివితే పువ్వు, 'గెల్' అని చదివితే బురద. అలాగే 'మర్ద్' అంటే మగవాడు, 'మొర్ద్' అంటే చనిపోయాడు. రాత మాత్రం ఒక్కటే. ప్రతి మాట పక్కనా ఉచ్చారణ ఇవ్వని నిఘంటువు కొత్త విద్యార్థికి దండగ.

రెండు, 'దీదన్', అంటే చూడటం. 'చూస్తున్నాను' అనడానికి 'మీబీనమ్' అంటారు. దీదన్‌లో లేని 'బీన్' ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక విద్యార్థి తికమకపడతాడు. ధాతువు పక్కనే వర్తమాన రూపాన్ని ఇచ్చే నిఘంటువు ఈ బాధ తప్పిస్తుంది.

మూడు, 'ఖోర్దన్', అంటే తినడం. మనం దెబ్బలు తిన్నట్టే ఇరాన్‌వాళ్లూ 'కొతక్' తింటారు. అంతటితో ఆగరు. దిగులు పడటాన్ని 'దిగులు తినడం' అంటారు, కిందపడటాన్ని 'నేల తినడం' అంటారు. నామవాచకానికి క్రియ చేర్చి చేసే ఇలాంటి మాటలే ఫార్సీలో ఎక్కువ. 'జమీన్ ఖోర్దన్' అంటే పడిపోవడం అని చెప్పని పుస్తకం మాట్లాడే భాషకు పనికిరాదు.

నాలుగు, 'సరంజామ్'. మనకు సరంజామా అంటే పనికి కావలసిన సామగ్రి. నేటి ఇరాన్‌లో ఆ మాటకు 'చివరికి, ముగింపు' అని అర్థం. రెండు అర్థాలూ ఇస్తే ఆ పుస్తకం పాత రికార్డులకూ ఉపయోగపడుతుంది. ఒక్కటే ఇస్తే అది నేటి భాషకు పరిమితమని తెలుస్తుంది.

అయిదు, 'షహర్‌దారీ'. ఈ మాట లేకపోతే ఆ పుస్తకం 1930ల నాటి మార్పులకు ముందుది. కవిత్వానికి పర్వాలేదు గానీ, వార్తలకు చాలదు.

అయిదూ నెగ్గే పుస్తకం అరుదు. మీ అవసరానికి ఏవి నెగ్గాలో చూసుకోండి. కవిత్వానికి మొదటి రెండూ ముఖ్యం. మాట్లాడటానికి మూడు, అయిదు తప్పనిసరి. రికార్డులకు నాలుగోది ప్రాణం.

తెలుగువాళ్లకు అదనంగా ఉన్న రెండు సాధనాలు

రికార్డులు చదివేవాళ్లు మరో రెండు పుస్తకాలు దగ్గర పెట్టుకోవాలి. సి.పి. బ్రౌన్ 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు, మిశ్రభాషా పదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు వెలువరించాడు. ఫార్సీ మాట తెలుగు కచేరీలోకి వచ్చాక ఏ అర్థం తీసుకుందో అందులో తెలుస్తుంది. 1855లో వచ్చిన హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ పదకోశం ఫార్సీ, అరబ్బీ మాటలతో పాటు తెలుగు, తమిళ, కన్నడ మాటలనూ చేర్చింది.

ఇవి ఎందుకంటే, కొన్ని మాటల కథ ఫార్సీ నిఘంటువులో సగమే ఉంటుంది. రాజీనామా అంటే ఫార్సీలో 'సమ్మతిపత్రం'. తెలుగులో ఉద్యోగం వదులుకోవడం. 'ఆసామి' అన్నది 'పేరు' అనే అరబ్బీ మాటకు బహువచనం. రెవెన్యూ లెక్కల్లో సాగుదారు అయింది, మన నోట్లో ఎవరో ఒక మనిషి అయింది. 18వ శతాబ్దపు కాగితంలో ఈ మాట ఏ మెట్టు మీద ఉందో తేల్చాలంటే రెండు వైపుల పుస్తకాలూ కావాలి.

నిఘంటువు చేయలేని పనులు

పాత కాగితాలు చాలావరకు 'షికస్తా' అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అక్షరాల మీది చుక్కలు వదిలేస్తారు, విడిగా ఉండాల్సినవి కలిపేస్తారు. ఏ అక్షరమో తెలియనిదే నిఘంటువు తెరవలేం. లెక్కలు 'సియాఖ్' అనే ప్రత్యేక అంకెల గుర్తుల్లో ఉంటాయి. దానికి వేరే అభ్యాసం ఉండాలి. తేదీలు హిజ్రీలోనో ఫసలీలోనో ఉంటాయి. దక్కన్ ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది. ఇవి గురువు దగ్గర నేర్చుకోవాల్సినవి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో ఫార్సీ విభాగాలున్నాయి. పుదుచ్చేరివాళ్లకు దగ్గరలో మద్రాసు విశ్వవిద్యాలయం ఉంది.

ఫోన్‌లోని అనువాద యంత్రాలు నేటి వార్తలకు పనికొస్తాయి. పాత కాగితాల దగ్గర వాటిని నమ్మకూడదు. అవి నేర్చుకున్నది ఎక్కువగా ఇవాళ్టి ఇరాన్ భాష. కాబట్టి 'తహసీల్'ను చదువుగా, 'మంజూర్'ను ఉద్దేశంగా మార్చేసి, వాక్యం మాత్రం నున్నగా ఇస్తాయి. నున్నగా ఉన్న వాక్యాన్ని ఎవరూ అనుమానించరు కాబట్టి ప్రమాదం ఎక్కువ.

చివరగా, ఏం కొనాలి?

మొదటి ఏడాది డబ్బు పెట్టి ఏదీ కొనకండి. స్టైన్‌గాస్, హయీం రెండూ ఉచితంగా ఉన్నాయి. ప్రతి కొత్త మాటనూ రెండిటిలోనూ చూడండి. రెండూ ఒకే అర్థం చెబితే సరే. వేరువేరుగా చెబితే అక్కడే ఆగి, ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుని, తెలుగులో దాని రూపం ఉంటే పక్కనే దాని అర్థం కూడా రాయండి. ఆరు నెలల్లో ఆ నోటుపుస్తకం ఏ నిఘంటువూ ఇవ్వని సాయం చేస్తుంది.

రెండో ఏడాదికి మీ దారి ఏదో మీకే తెలుస్తుంది. రికార్డులైతే స్టైన్‌గాస్ పునర్ముద్రణ, విల్సన్ కొనండి. కవిత్వమైతే స్టైన్‌గాస్ కొని, దెహ్‌ఖొదాను ఇంటర్నెట్‌లో చూసుకోండి. నేటి ఇరాన్ అయితే ఈ శతాబ్దంలో అచ్చయిన నిఘంటువు, వీలైతే సొఖన్. గోల్కొండ, విజయనగరం, హైదరాబాద్ నిఘంటువులు ఆ తర్వాతి మెట్టు. అక్కడిదాకా వెళ్లిన విద్యార్థికి తహశీల్ ఆఫీసు బోర్డు మీది మాట ఎక్కడ పుట్టి, ఎన్ని చేతులు మారి వచ్చిందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.